తెరమీది సేద్యము : ‘హార్వెస్ట్ మూన్’ ఆటను గూర్చి

శరత్కాలమున పగలును రాత్రియు సమానముగా నుండు దినమునకు మిక్కిలి దగ్గరగా వచ్చు పున్నమిని ఆంగ్లేయులు ‘హార్వెస్ట్ మూన్’ అందురు. అనగా కోతల చంద్రుడు. సామాన్యముగా చంద్రోదయము ఒక దినముకంటె మరుసటి దినమున సుమారు 50 నిమిషములు ఆలస్యముగా నగుచుండును. ఉత్తర దేశములలో ఈ పున్నమి ప్రాంతమున ఆ ఆలస్యము చాల తగ్గిపోవును. అందుచేత వరుసగా కొన్ని రాత్రులు ప్రొద్దు గ్రుంకిన కొద్దిసేపటికే వెన్నెల వచ్చును. విద్యుద్దీపములు లేని కాలమున అచ్చటి రైతులు ఆ వెలుగులో కోతలు ముగించుకొనెడివారు. భూమధ్యరేఖకు దగ్గరగా నున్న మనకు ఈ భేదము అంతగా కానరాదు.

ఈ అందమైన పేరును ఒక వీడియో ఆటకు పెట్టినారు. ఆట జపానుది. దాని స్వదేశపు పేరు ‘బొకుజో మొనోగతారి’. పశుక్షేత్రపు కథ యని అర్థము. 1996 ఆగస్టులో సూపర్ ఫామికామ్ అను యంత్రముపై అది వెలువడెను. 1997లో అమెరికాలో ప్రకటించినపుడు ‘హార్వెస్ట్ మూన్’ అను పేరు వచ్చినది. దాని తరువాత అదే వరుసలో అనేకమైన ఆటలు వచ్చినవి. వానిలో 2003లో వచ్చిన ‘ఫ్రెండ్స్ ఆఫ్ మినరల్ టౌన్’ అనునదే ఈ వ్యాసమునకు ముఖ్యవిషయము. ఇరువది సంవత్సరములకు పైబడినను దానిని ఆడువారు నేటికిని కలరు. దానినే మరల కొత్త బొమ్మలతో 2019లో జపానులో విడుదల చేసినారు.

విజ్ఞానశాస్త్ర పత్రికలో ఆటను గూర్చిన విమర్శ ఏల యని పాఠకులు అడుగవచ్చును. ఈ ఆట వ్యవసాయమునకు ఒక నమూనా. భూగోళమునకు గోళము, అణువునకు కఱ్ఱబంతులు, పుల్లలు ఎట్టివో ఇదియు అట్టిదే. ఏ నమూనానైనను మనము రెండు ప్రశ్నలు అడుగవలెను. అది సత్యములో దేనిని నిలుపుకొన్నది? దేనిని విడిచినది? ఆ విడిచిన దానిలోనే ఈ ఆట ఆకర్షణ యంతయు దాగియున్నదని నా అభిప్రాయము. ఈ సంగతి నాకు ఆలస్యముగా తెలిసినది. తెలిపినవాడు నా విద్యార్థి.

ఆట పుట్టుక

ఈ ఆటను రూపొందించినవారు యసుహిరో వాడా. జపాను దక్షిణ భాగమున నున్న క్యూషూ దీవిలోని మియజాకి ప్రాంతమున ఆయన పెరిగినారు. టోక్యో నగరమునకు వచ్చి పనిచేయుచుండగా తాను విడిచివచ్చిన పల్లెప్రాంతము ఆయనకు జ్ఞప్తికి రాసాగెను. ఆ కాలపు ఆటలలో అధికభాగము పోరాటములే. శత్రువును చంపుట, పై మెట్టునకు పోవుట, అచ్చట మరియొక శత్రువును చంపుట. అట్టి పోరాటము లేక ఆట రక్తికట్టునా యని ఆయన ఆలోచించినారు. ఫలితము ఈ పశుక్షేత్రపు కథ.

నేను దీనిని మొదట చూచినది 2004 వేసవి సెలవులలో. అమెరికానుండి వచ్చిన మా మేనమామ అరచేతిలో ఇమిడెడు గేమ్ బాయ్ అడ్వాన్స్ యంత్రమును తెచ్చినాడు. దాని తెరపై అడ్డముగా 240, నిలువుగా 160 చుక్కలు మాత్రమే యుండును, మొత్తము 38,400. నేటి సామాన్యమైన ఫోను తెరపై లక్షలకొలది చుక్కలుండును. ఆ చిన్న తెరలోనే పొలము, పశువులశాల, వాగు, కొండ, దుకాణము, చిన్న పల్లె యన్నియు అమరియున్నవి. మామయ్య తిరిగిపోవువరకు నేను ఆ యంత్రమును వదలలేదు.

ఆట స్వరూపము

కథానాయకుడు బాల్యమున ఒక వేసవిలో ఒక వృద్ధుని పొలమున గడపియుండును. పెద్దవాడై తిరిగివచ్చునప్పటికి ఆ వృద్ధుడు గతించినాడు. రాళ్ళు, మొద్దులు, కలుపు నిండిన ఆ పొలము ఇతనికి సంక్రమించును. ఇంక అతని చేతిలో నున్నవి పార, కొడవలి, గొడ్డలి, సుత్తి, నీళ్ళు చల్లు డబ్బా.

సంవత్సరమునకు నాలుగు ఋతువులు. ఒక్కొక్క ఋతువునకు 30 దినములు. వసంతమున టర్నిప్, బంగాళాదుంప, దోస. గ్రీష్మమున టమాటా, మొక్కజొన్న మొదలగునవి. నేలను పారతో త్రవ్వి, విత్తులు చల్లి, ప్రతిదినమును నీరు పోయవలెను. పండిన దానిని అమ్మకపు పెట్టెలో వేసిన, సాయంకాలము 5 గంటలకు ఒకడు వచ్చి తీసికొని డబ్బు ఇచ్చును. కోళ్ళను, ఆవులను, గొఱ్ఱెలను పెంచవచ్చును. మేత వేయక నిర్లక్ష్యము చేసిన అవి జబ్బుపడును, చనిపోవును కూడ. ఊరివారితో మాటలాడవచ్చును, పండుగలలో పాల్గొనవచ్చును, వివాహమాడవచ్చును. పనిముట్టు ఎత్తిన ప్రతిసారియు దేహబలము కొంత తగ్గును. మితిమీరి పనిచేసిన మూర్ఛ వచ్చును. రాత్రి నిద్రించినపుడు ఆ దినము ముగియును.

ఆటలో ఇంతకంటె అద్భుతమైనది లేదు. అయినను ఒకసారి చేపట్టినవాడు ‘ఇంకొక్క దినము’ అనుకొనుచు కూర్చుండును. ఏలయన, సాయంకాలము పోసిన నీటికి ఫలితము మరునాటి ఉదయముననే కానవచ్చును. పండుకొనబోవు వేళ మరునాటి ఆశ తప్పక యుండును.

విత్తనాల సంచి లెక్క

ఈ ఆటలో గణితమెంతయున్నదో ఉపాధ్యాయులు గమనింపదగినది. ఒక విత్తనాల సంచిలోని విత్తులు మూడు వరుసలు మూడు నిలువులుగా 9 గడులలో పడును. కాని మొలకలు తలయెత్తిన పిమ్మట వానిమీదుగా నడువ వీలులేదు. మొదటి డబ్బాతో ఎదుటనున్న ఒక్క గడికే నీరు పోయగలము. కావున 9 గడులును నింపినచో నడిమి మొక్కకు నీరు అందదు. దీనికి ఉపాయమేమి? అంచున నడుమనున్న ఒక గడిని త్రవ్వక దారిగా విడువవలెను. అప్పుడు ఆ దారిలో నిలిచి నడిమి గడికిని నీరు పోయవచ్చును. ఒక మొక్కను వదలుకొనిన 8 మొక్కలు దక్కును. ఈ ఉపాయము ఎవరును చెప్పరు. నడిమి మొక్క ఎండిన నేలలో ఎదుగక నిలిచిపోవుట చూచి నేర్చుకొనవలెను. నేను రెండు సంచులు పాడుచేసికొని నేర్చుకొన్నాను.

ఇక వృద్ధిని గూర్చి. టర్నిప్ సంచి వెల 120. ఒక్కొక్క దుంప 60కి అమ్ముడగును. 8 దుంపలకు 480, అనగా పెట్టుబడికి నాలుగు రెట్లు. పంటకు, అమ్మకమునకు, మరల విత్తులు కొనుటకు కలిపి 5 దినములు పట్టునని అనుకొందము. వచ్చిన డబ్బంతయు మరల విత్తులకే పెట్టినచో సంచులు 1, 4, 16, 64, 256, 1,024 అగుచు పెరుగును. 30 దినములలో ఆరు పంటలు. మొదటి 120 తుదకు 4,91,520 కావలెను!

ఎవరికిని అట్లు కాదు. ఆరవ పంటకు 1,024 సంచులు, అనగా 8,192 గడులు. గడికొక్క సెకను చొప్పున నీరు పోసినను 2 గంటల 16 నిమిషములు కావలెను. ఆటలోని ఒక దినము మన గడియారమున అంతసేపుండదు. అంతకు ముందుగనే నాయకుడు సొమ్మసిల్లి పడిపోవును. కాబట్టి సాగుచేయు గడుల సంఖ్య మొదట వేగముగా పెరిగి, పిదప మందగించి, ఒక మట్టమున నిలుచును. సీసాలోని ఈస్టు పెరుగుటయు నిట్లే. ఇట్టి వక్రరేఖకు గణితరూపమును 1838లో బెల్జియము దేశస్థుడైన వెర్‌హుల్స్ట్ చూపెను. పనిముట్లను బాగుచేయించుకొన్నపుడు ఆ మట్టము కొంత పైకి లేచి మరల నిలుచును. డబ్బుకంటె కాలమును, దేహబలమును కొఱతగా నుంచుట ఈ ఆట నిర్మాణములోని గొప్ప నేర్పు.

సత్యమెంత?

ఇపుడు వృక్షశాస్త్ర దృష్టితో చూతము. ఆటలోని మొక్క నీరు పడిన దినములను మాత్రమే లెక్కించుకొనును. నీరు పడనినాడు అది చావదు. ఆ నాడు పెరుగదు. నిజమైన మొక్క దినములను కాక, తన కందిన వేడిమిని కూడబెట్టుకొనును. ఈ భావమును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెయోమ్యూర్ 1735లోనే ప్రతిపాదించెను. చలి యెక్కువైన యేడు పంట ఆలస్యమగుటకు అదియే ముఖ్యకారణము.

బంగాళాదుంపకు ఆటలో విత్తులే చల్లుదురు. నిజముగా పొలములో నాటునవి కన్నులున్న దుంప ముక్కలు. అనాసకును విత్తుల సంచియే! ఒకసారి పండిన పిదప అదే మొక్క కొలది దినముల కొకసారి కాయుచుండును. నిజమైన అనాసను పిలకలతో నాటుదురు. పండు రావలెనన్న సంవత్సరమునకు పైగా వేచియుండవలెను. ఒక కాండము ఒకసారియే కాయును. ఆవు విషయమున పొరపాటు ఇంకను పెద్దది. ఆటలోని ఆవు ఈనకయే పాలిచ్చును. పాలు దూడకొఱకు వచ్చునన్న క్షీరదముల మొదటి ధర్మమే ఇచ్చట లోపించినది. సుమారు 280 దినములుండవలసిన ఆవు చూలు ఆటలో ఒక్క ఋతువు గడువక మునుపే ముగియును. కోడి మాత్రము దినమున కొక గ్రుడ్డు పెట్టుట సత్యమునకు దగ్గరగా నున్నది. నిజమైన కోడికి ఒక్కొక్క గ్రుడ్డు తయారగుటకు ఇంచుమించు ఒక దినము పట్టును.

అయినను ఆట నిలుపుకొన్న సత్యములు చిన్నవి కావు. ఋతువునకు తగిన పంటయే పండును. టర్నిప్, బంగాళాదుంప చల్లని వాతావరణమును, టమాటా, మొక్కజొన్న వెచ్చదనమును కోరును. ఆటలోని విభజన దీనికి తగియున్నది. వసంతము ముగియుటకు నాలుగు దినములున్నదనగా దోస పెట్టినవాడు ఫలమును చూడడు. ఋతువు మారిన ఉదయమున మొక్కలన్నియు వాడి యుండును. నీరు పోయని దినము తిరిగిరాదు. మరునాడు రెండింతలు పోసినను ఆ లోటు తీరదు. గ్రీష్మమున తుఫాను వచ్చి పంటను కొట్టుకొనిపోవచ్చును. అదను తప్పిన సేద్యము వ్యర్థమని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాటను వేలితో మీటలు నొక్కుచు నేర్చుకొనుట ఈ ఆటలోనే సాధ్యమైనది.

విద్యార్థి అడిగిన ప్రశ్న

కొన్ని సంవత్సరముల క్రిందట తరగతిలో వృద్ధి రేఖలను బోధించుచు ఈ టర్నిప్ లెక్కను నల్లబల్లపై వేసితిని. ఆటను మెచ్చుకొనుచు, వ్యవసాయములోని సారమంతయు దీనిలో నున్నదని కూడ అంటిని. వెనుక బల్లనుండి ఒక విద్యార్థి లేచినాడు. అతని తండ్రి టమాటా పండించు చిన్న రైతు.

“సార్, నేను ఒకేరోజు వెయ్యి దుంపలు ఆ పెట్టెలో వేసినా అదే ధర ఇస్తారా?”

“అదే ధర. ఒక్కొక్కటి 60.”

“మరుసటి ఏడు కూడా?”

“మరుసటి ఏడు కూడా.”

“అయితే అది వ్యవసాయం కాదు సార్. జీతం.”

తరగతి నవ్వినది. నాకు నవ్వు రాలేదు. ఇన్ని యేండ్లు ఆ ఆటను ఎరిగియు నేను గమనింపనిది అతడు రెండు ప్రశ్నలలో పట్టుకొన్నాడు. అచ్చట పెట్టెలో వేసిన ప్రతి దుంపకును వెల ముందుగనే నిర్ణయమైయున్నది. బేరగాడు లేడు. కౌలు లేదు, అప్పునకు వడ్డీ లేదు, పురుగు లేదు, తెగులు లేదు. ఊరిలో మరియొక రైతు అదే పంట వేసి ధరను తగ్గించుట లేదు. తుఫాను ఒక్కటియే శత్రువు. దాని రాకనైనను దూరదర్శని ముందునాడే తెలుపును. ఎంత పనికి అంత ఫలితము. టమాటా ధర పడిపోయి, కోతకూలి కూడ రాక, పంటను పొలముననే విడిచిన ఇంటి పిల్లవాడు దానిని జీతమనుటలో ఆశ్చర్యమేమి?

ఆకర్షణకు మూలము

అప్పటినుండి ఈ ఆట ఆకర్షణను గూర్చి నా అభిప్రాయము మారినది. మనలను కట్టివేయునది సేద్యము కాదు. శ్రమ ఎన్నడును మోసపోని లోకము. పట్టణములో పనిచేయువానికి తన పనికిని ఫలితమునకును నడుమ నున్న త్రోవ కానరాదు. పల్లెలోని వానికి ఆ త్రోవ కనిపించును గాని నడుమ తెగిపోవును. ఈ ఆటలో ఆ త్రోవ కనిపించును, తెగిపోదు. కనుకనే పొలమును ఎన్నడును చూడని నగరవాసియు, పొలములో అలసిన రైతుబిడ్డయు దీనిని సమానముగా ప్రేమించుచున్నారు. వాడా గారు చిత్రించినది పల్లెను కాదు, దూరమునుండి తలచుకొన్న పల్లెను. తలపులో పల్లెకు అప్పులుండవు.

తరువాతివారిలో కొందరును ఈ నియమమును మార్చలేదు. హార్వెస్ట్ మూన్‌పై మక్కువతో అమెరికాలో ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగు సంవత్సరములకు పైగా శ్రమించి 2016లో ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ అను ఆటను వెలువరించెను. 2024 నాటికి అది మూడు కోట్లకు మించి అమ్ముడైనది. అందులోను అవే నాలుగు ఋతువులు, అదే అలసట, అదే అమ్మకపు పెట్టె. ఎంత పోసినను తగ్గని ధర.

ఆటలో వేరే లోపములును కలవు. ఊరివారి స్నేహమునకు దినదినము కానుకలిచ్చుట ముఖ్యమైన మార్గము. వివాహయోగ్యయైన కన్య హృదయపు గుర్తు రంగు మారుటను బట్టి ప్రేమను కొలువవచ్చును. మనిషిని కూడ దోసపాదువలె పెంచవచ్చునను ఈ భావము నాకు రుచింపదు. 2003 నాటి ఆటలో రైతు పురుషుడే; స్త్రీ నాయికగా నున్న ప్రతి వేరుగా వచ్చినది. 2019 నాటి కొత్తరూపమున మాత్రము ఇద్దరిలో ఎవరినైనను ఎన్నుకొనవచ్చును. ప్రపంచమున పొలము పనిచేయువారిలో స్త్రీలెందరో యెరిగినవారికి ఈ దిద్దుబాటు ఎంత ఆలస్యముగా వచ్చినదో తెలియును.

ఇన్ని చెప్పియు, దీనిని మంచి ఆట యనియే నిశ్చయించుచున్నాను. ఇది ఎవరిని తొందరపెట్టదు. ఇండ్ల లోపల నుండగా ఆటలోని గడియారము కూడ ఆగిపోవును. ఎవరినో ఓడించుటచే గెలుపు రాదు. నిన్న పోసిన నీరు నేడు ఆకై కనిపించుటయే గెలుపు. నమూనా అసంపూర్ణమైనంత మాత్రమున అసత్యము కాదు. దానిని సంపూర్ణమనుకొనుటయే అసత్యము. ఆ తప్పు ఆట చేయలేదు, నేను చేసితిని.

ఒక అభ్యాసము

ఆ విద్యార్థి ప్రశ్నకు సమాధానముగా మరునాడు తరగతిలో ఒక లెక్క ఇచ్చితిని. ఉపాధ్యాయులు దీనిని ఉన్నత పాఠశాలలో కూడ చేయింపవచ్చును. ఆటకు ఒక కొత్త నియమమును చేర్చుడు: ఒక దినమున పెట్టెలో పడు ప్రతి 10 దుంపలకును ధర 1 చొప్పున తగ్గును, ఆ తగ్గిన ధర నాటి దుంపలన్నిటికిని వర్తించును. అపుడు 100 దుంపలు వేసిన, ధర 50, రాబడి 5,000. 200 వేసిన, ధర 40, రాబడి 8,000. 300 వేసిన, ధర 30, రాబడి 9,000. 400 వేసిన, ధర 20, రాబడి 8,000. 500 వేసిన, ధర 10, రాబడి 5,000. 600 వేసినవానికి ఏమియు రాదు.

ఈ అంకెలను రేఖాపత్రముపై గుర్తించి కలిపిన, పైకి లేచి క్రిందికి వంగు వక్రరేఖ వచ్చును; శిఖరము 300 వద్ద నుండును. అయిదువందల దుంపలు పండించినవాడు వంద పండించినవానితో సమానముగా డబ్బు పొందును. నీరు మాత్రము అయిదింతలు పోసియుండును. ఇక ఊరిలో ముగ్గురు రైతులున్నారనియు, ఎవరెంత విత్తినది ఇతరులకు తెలియదనియు అనుకొని లెక్క చేయింపుడు. ముగ్గురును 300 వంతున విత్తినచో ఏమగునో పిల్లలే చెప్పగలరు.

వెనుక బల్ల విద్యార్థి అందరికంటె ముందుగా రేఖ గీచినాడు. శిఖరము దాటి క్రిందికి వంగిన భాగముమీద పెన్సిలు నుంచి, “సార్, మా ఊరు ఇక్కడుంది” అన్నాడు.